కండె అడిగే గొంతు

తెల్లవారగానే యశోదమ్మ చేసే మొదటి పని కూతురి కింది కనురెప్పను వేలితో లాగి చూడటం. వాకిట్లో నీళ్ళు చల్లడం, పొయ్యి వెలిగించడం అన్నీ దాని తర్వాతే. రెప్ప లోపల ఎర్రగా ఉండాల్సిన చోట ఉతికి ఉతికి వెలిసిపోయిన రవిక రంగు ఉంటుంది. అది నిన్నటికంటే తగ్గిందా, అట్లాగే ఉందా అని పిల్ల మొహాన్ని కిటికీ వైపు తిప్పి మరీ చూస్తుంది. రూపశ్రీ మొదట్లో ఓర్చుకునేది. ఈ మధ్య విసుక్కుంటోంది.

"రోజూ సూస్తే రంగొస్తాదా మా?" అంటుంది.

రాదని యశోదమ్మకూ తెలుసు. కానీ చూడకపోతే ఆ పూట ఆమెకు ముద్ద దిగదు.

రూపశ్రీకి ఇరవై నాలుగేళ్ళు. నగరిలో వాళ్ళ వీధి చివర ఢిల్లీబాబు మరమగ్గాల షెడ్డులో నూలును చిన్న కడ్డీల మీద కండెలుగా చుట్టే పని చేసేది. రెండేళ్ళ కిందట కాళ్ళు పొంగాయి, మొహం ఉబ్బింది. తిరుపతిలో చూపిస్తే మూత్రపిండాలు రెండూ చిక్కిపోయాయని, ఇక బాగుపడవని తేల్చారు. యశోదమ్మ తనది ఒకటి ఇస్తానంది. నెలల తరబడి పరీక్షలు చేసి, తల్లిది కూతురికి సరిపోతుందని చెప్పారు. ఆ మాట విన్న రోజు యశోదమ్మ ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి, ఎవరూ చూడకుండా కొంగుతో మొహం కప్పుకుని నవ్వుకుంది.

అయినా ఆపరేషనుకు తేదీ పెట్టలేదు. పిల్లకు రక్తం చాలదన్నారు.

యశోదమ్మకు అర్థం కాని సంగతి అదే. పిల్ల అన్నం తింటోంది. ఇనుము మాత్రలు మింగుతోంది. మరి రక్తం ఎందుకు పట్టదు? చుట్టుపక్కల వాళ్ళందరిదీ తలా ఒక వైద్యం. ఒకరు దానిమ్మ పెట్టమన్నారు, ఒకరు బీట్‌రూటు రసం పొయ్యమన్నారు, ఇంకొకరు వేట కారిజం, అంటే మేక కాలేయం, వండిపెట్టమన్నారు. డాక్టరు బాలచంద్ర వాటిలో సగం కూడదన్నాడు. వాటిలో ఉండే ఒక లవణాన్ని పిల్ల ఒళ్ళు బయటికి పంపలేదట, గుండెకు ముప్పట. యశోదమ్మ మొహం చూసి, ఆయన కాగితం మీద ఒక ఎముక బొమ్మా, ఒక చిక్కుడు గింజలాంటి బొమ్మా గీసి ఓపిగ్గా చెప్పాడు.

ఎర్రకణాలు తయారయ్యేది ఎముక లోపలి మూలుగలోనట. కానీ మూలుగ తనంతట తాను చేయదట. రక్తం మోసే ఊపిరి ఒంటికి ఎంత అందుతోందో కనిపెట్టి చూసేది మూత్రపిండం. రక్తం తగ్గి ఊపిరి చాలకపోతే అది ఒక రసాన్ని వదులుతుంది. ఆ రసం రక్తంలో కలిసిపోయి మూలుగకు కబురు చేరుస్తుంది. అప్పుడు మూలుగ కణాలు చేస్తుంది. రక్తం సరిపడా కాగానే మూత్రపిండం కబురు తగ్గించేస్తుంది. ఒక్కో కణం నాలుగు నెలలు బతికి రాలిపోతుంది కాబట్టి ఈ పని ఒక్కరోజు కూడా ఆగకూడదు. రూపశ్రీ మూత్రపిండాలకు ఆ కబురు పంపే సత్తువ పోయింది.

యశోదమ్మ తలూపింది గానీ ఏమీ ఎక్కలేదు. ఆ రోజు బస్సులో రూపశ్రీ తన మాటల్లో చెప్పింది.

"మా షెడ్డులో మగ్గం మింద ఉండే మనిషి సూసుకుంటా ఉంటాడు గదా మా, అటూ ఇటూ పోయే నాడెలో నూలు అయిపోతానే 'కండె' అని అరుస్తాడు. అప్పుడు నేను సుట్టి ఇస్తా. ఎక్కువుంటే అరవడు, నేనూ సుట్టను. ఆ అరిసే మనిషికి గొంతు పోయిందనుకో. నా పక్కన నూలు కుప్పలుగా ఉన్నా నేను కూసోనే ఉంటా. నువ్వు పెట్టే కూడంతా నూలు మా. అడిగే గొంతే లేదు."

అది యశోదమ్మకు ఎక్కింది. ఎక్కాక భయం ఇంకా పెరిగింది. తిండి తక్కువైతే ఏదో ఒకటి చేసి పెట్టవచ్చు, గొంతును ఎక్కడినుంచి తెచ్చి పెట్టేది?

తెచ్చి పెట్టవచ్చు అన్నాడు డాక్టరు. ఆ రసాన్నే బయట తయారు చేసి చిన్న సీసాల్లో అమ్ముతున్నారు, వారానికొకటి సూది వేస్తే చాలు. మొదటి నెల వారం వారం తిరుపతికి పోయి ఆస్పత్రిలోనే వేయించుకున్నారు. పరీక్షలో ఏడు పాయింటు ఎనిమిది ఉన్న రక్తం తొమ్మిదికి పైన వచ్చింది. పిల్ల మేడ మెట్లు ఎక్కగలిగింది. పదికి వస్తే తేదీ పెడదామన్నాడు. కానీ రెండు గంటలు బస్సులో పోవడం, రెండు గంటలు తిరిగి రావడం పిల్లకు కష్టంగా ఉందని, నెలకు సరిపడా నాలుగు సీసాలు కొనుక్కుపోయి ఊళ్ళోనే నర్సుతో వేయించుకోమని ఆయనే సలహా ఇచ్చాడు. ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. మందు చల్లగా ఉండాలి.

చల్లగా ఉంచడం ఎట్లాగో యశోదమ్మకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఆమె మొగుడు వెంకటముని ఇరవై రెండేళ్ళు సైకిలు మీద పాలఐసు అమ్మినవాడు. నగరి, పుత్తూరు మధ్య ఏ పల్లెలో అడిగినా అతని గంట తెలుసు. మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి, నడిరోడ్డు మీద అతని డబ్బీలో ఐసు రాయిలా ఉండేది. మిగతా వాళ్ళది కారి నీళ్ళయిపోయేది. తెల్లవారుజామున ఐసుగడ్డను గోనెలో వేసి కొట్టి, పొరకొక గుప్పెడు కల్లుప్పు చల్లి డబ్బీల చుట్టూ కూరేది యశోదమ్మే. ఉప్పు ఎంత పడాలో ఆమె చేతికి తెలుసు. అతను పోయి ఆరేళ్ళయినా ఆ చెయ్యి మరవలేదు.

అందుకే మందులషాపు అబ్బాయి సీసాలతో పాటు అరచేయంత చల్లటి జెల్లు సంచీ ఒకటి కవర్లో వేసిచ్చినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. రేణిగుంట దాటకుండానే ఇది వేణ్ణీళ్ళయిపోతుంది అనుకుంది. ఇంటినుంచి తెచ్చుకున్న థర్మాకోలు పెట్టెలో, బస్టాండు పక్కన కొన్న ఐసును పగలగొట్టి పోసి, కొంగున మూటగట్టి తెచ్చిన కల్లుప్పు చల్లి, సీసాలను మధ్యలో పెట్టి మూత బిగించింది. నగరిలో దిగి తెరిస్తే చల్లదనం కొంచెం కూడా తగ్గలేదు. వెంకటముని చూసుంటే భేష్ అనుండేవాడు. సీసాలను ఢిల్లీబాబు ఇంట్లో ఫ్రిజ్జిలో పెట్టించింది. ఆదివారం ప్రార్థన ముగించుకుని నర్సు కృపామణి వచ్చి సూది వేసిపోయింది.

ఆ నెలాఖరుకు రక్తం తొమ్మిదినుంచి ఎనిమిదికి దిగింది. మరుసటి నెల మళ్ళీ నాలుగు సీసాలు అట్లాగే తెచ్చింది. ఏడుకు దిగింది.

రెండో నెల కాగితం చూసి డాక్టరు బాలచంద్ర పాత కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాడు. ఎక్కడైనా రక్తం పోతోందా అని అడిగాడు. లేదు. జ్వరమేమైనా వచ్చిందా? లేదు. ఇనుము సరిపడా ఉంది. సూది వారం తప్పకుండా పడుతోందా? పడుతోంది. మందు చల్లగా పెడుతున్నారా?

"సల్లగానే పెడతా ఉండా సారూ. ఐసులోనే తీసకపోతా ఉండా" అంది యశోదమ్మ, అందులో అనుమానమే అక్కరలేదన్నట్టు.

ఆయన అది రాసుకుని, పెన్ను పక్కన పెట్టి అసలు సంగతి చెప్పాడు. ఈ పిల్ల ఒళ్ళు మందుకు ఎదురు తిరుగుతోందేమోనని అనుమానంగా ఉంది. పదిహేను రోజులు చూద్దాం. ఆరుకు దగ్గరికి పోయి ఆయాసం పెరిగితే బయటి రక్తం ఎక్కించక తప్పదు. ఎక్కిస్తే ప్రాణానికి భయం లేదు. కానీ పరాయి రక్తం లోపలికి పోయాక, ఒళ్ళు పరాయివాళ్ళ గుర్తులను పట్టుకుని వాటి మీద పోట్లాడటం నేర్చుకుంటుంది. అట్లా నేర్చుకుంటే రేపు మీ మూత్రపిండం పెట్టినా అది శత్రువని తోసేయవచ్చు. ఇప్పుడు సరిపోతున్నది అప్పుడు సరిపోదు. అందరికీ అట్లా జరగదు, జరిగే వాళ్ళకు మాత్రం ఇంకొకరిది దొరకడం చాలా కష్టం.

యశోదమ్మ చెయ్యి తెలియకుండానే తన నడుము పక్కకు పోయింది. లోపల ఉన్నది ఇప్పటికి పిల్లది. పదిహేను రోజుల్లో అది పిల్లకు కాకుండా పోవచ్చు.

ఆ రోజు ఊరికే తిరిగొచ్చారు. ఢిల్లీబాబు ఫ్రిజ్జిలో ఇంకా ఒక సీసా మిగిలి ఉంది, వచ్చే సోమవారం పోయి కొత్తవి తేవాలి. ఆ మధ్య రోజుల్లో యశోదమ్మకు అందరి మీదా అనుమానం పుట్టింది. మందు బాగుంటే పిల్లకు రక్తం రావాలి కదా. రాలేదంటే ఎక్కడో ఎవరో తప్పు చేస్తున్నారు. మందులషాపు వాడు దొంగసరుకు ఇచ్చాడేమో. ఢిల్లీబాబు కరెంటు ఆదా కోసం ఫ్రిజ్జి ఆపేస్తున్నాడేమో. ఆమె పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పోయి ఫ్రిజ్జి తలుపు తెరిచి సీసా మీద చెయ్యి పెట్టి చూసేది.

"అక్కా, నువ్వు గంటకోసారి తలుపు తీస్తా ఉంటే సల్లదనం నీతోనే ఎల్లిపోతా ఉండాది. నువ్వే ఈడ కూసో, ఫ్రిజ్జిని మేం మీ ఇంటికి పంపిస్తాం" అన్నాడు ఢిల్లీబాబు. మంచిమనిషే, కోపంతో అన్నది కాదు. కానీ యశోదమ్మ నవ్వలేదు. మొన్న మూడు గంటలు కరెంటు పోయినప్పుడు మందును ఎక్కడ పెట్టినారని నిలదీసింది. ఎక్కడా పెట్టలేదు, తలుపు తీయకుండా ఉన్నాము, అదే మంచిది అని ఆయన పెళ్ళాం చెప్పింది. యశోదమ్మ నమ్మలేదు.

ఆదివారం కృపామణి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో చేసి మానేసిన మనిషి, పిలిచిన ఇంటికల్లా పోయి సూది వేస్తుంది. యాభై ఏళ్ళు దాటినా గబగబా నడుస్తుంది. రూపశ్రీ చేతికి సూది వేసి, సంచీ సర్దుకుని వీధిలోకి వచ్చేసరికి కొళాయి దగ్గర బిందెలు పట్టుకుని ఆరేడుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. యశోదమ్మ వెనకాలే వచ్చి ఖాళీ సీసా అడిగింది. కృపామణి ఇచ్చింది. యశోదమ్మ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, అడుగున ఒక చుక్క ఉందని, అంతా వేయలేదని అంది. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. ఎనిమిది వారాల మందులో సగం ఎవరింటికి పోయిందో దేవుడికే తెలియాలి అనేసింది.

కొళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు.

కృపామణి మొహం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు.

"రేపు నువ్వు తిరపతికి పోతావు గదా యశోదక్కా. నేనూ వస్తా. కొనేకాడ్నించి గుచ్చేదాకా నా కండ్లతో సూస్తా. దొంగ యాడుండాడో ఇద్దరం సూద్దాం" అంది.

పొద్దున ఆరు గంటల బస్సుకు ఇద్దరూ ఎక్కారు. పక్కపక్క సీట్లే గానీ యశోదమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రూపశ్రీ ఇంట్లోనే ఉంది. వచ్చే ముందు కనురెప్ప లాగి చూడబోతే పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది. పడుకున్నా ఆయాసంగా ఉందని అప్పుడు చెప్పింది. ఆ మాట యశోదమ్మ చెవిలో తిరుపతి దాకా మోగుతూనే ఉంది.

మందులషాపులో కృపామణి ఒక్కో డబ్బా తిప్పి తారీఖు చూసింది, నంబరు చూసింది, బిల్లు మీదున్న నంబరుతో సరిచూసింది. సీసాలను వెలుతురులో పెట్టి చూసింది. సరుకు మంచిదే అంది. తర్వాత బస్టాండులో సీటు పట్టడానికి ముందుగా పోయింది. యశోదమ్మ ఐసు కొని, ఎప్పటిలాగే కొట్టి, ఉప్పు చల్లి, సీసాలు పెట్టి, మూత బిగించి, బస్సెక్కి పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది.

పుత్తూరులో బస్సు ఆగినప్పుడు డ్రైవరు టీకి దిగాడు. ఎండ అద్దాల్లోంచి కాలుస్తోంది. యశోదమ్మకు ఇంకా మనసులో మంట తగ్గలేదు. తన వైపు ఏ లోపమూ లేదని చూపించాలనిపించింది. తనలా జాగ్రత్తపడే వాళ్ళు ఎవరైనా ఉన్నారా? మూత తీసి పెట్టెను కృపామణి ముందుకు జరిపింది.

"సూడు. గంటన్నర అయ్యింది. సల్లదనం ఏమన్నా తగ్గిందేమో సూడు."

కృపామణి లోపలికి చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి లాక్కుంది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఐసు మామూలు ఐసులా చల్లగా లేదు, కొరికినట్టుంది. ఆమె వేలిని నాలుక మీద పెట్టుకుని చూసింది. ఆ తర్వాత కొంగు చేతికి చుట్టుకుని ఒక డబ్బాను పైకి తీసింది. అట్టకు నూగులాగా తెల్లగా పట్టింది. లోపలి సీసా తీసి తలకిందులు చేసింది.

మందు కదలలేదు.

ఆమె మళ్ళీ తిప్పింది. పక్కకు వంచింది. అదిలించింది. సీసా లోపల తెల్లటి గడ్డ అట్లాగే నిలబడి ఉంది, వెంకటముని డబ్బీలో పాలఐసులా.

"అక్కా, ఇందులో ఉప్పేసినావా?"

"ఏసినా. ఏయకుంటే రేణిగుంటకే నీళ్ళయిపోతాది గదా."

"ప్రెతి సారీ ఏసినావా?"

యశోదమ్మ తలూపింది. కృపామణి గొంతు ఎందుకు అంత మెత్తబడిందో ఆమెకు తెలియలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కృపామణి డబ్బా మీద ఒక మూలన ఉన్న చిన్న బొమ్మ చూపించింది. ఆరు రెక్కల ముగ్గులాంటి గుర్తు, దాని మీద అడ్డంగా ఒక గీత. ఆ బొమ్మను యశోదమ్మ ఎన్నోసార్లు చూసింది. కంపెనీ వాళ్ళు అందం కోసం వేసిన ముగ్గు అనుకుంది.

"అది మంచు అక్కా. గడ్డ కట్టనీయొద్దని గీత కొట్టినారు. ఈ మందు సల్లగా ఉండాల, అంతే. గడ్డ కడితే లోపల ముక్కలైపోతాది. మళ్ళా కరిగినాక సూసేదానికి నీళ్ళ మాదిరి బాగానే ఉంటాది, సత్తువ మాత్రం ఉండదు. ఫ్రిజ్జిలో కరిగినాక నేను తీసి గుచ్చినా. నాకూ తెలవలా."

బస్సు కదిలింది. యశోదమ్మ కండ్ల ముందు ఎనిమిది ఆదివారాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఎనిమిది సార్లు పిల్ల చెయ్యి చాచింది. ఎనిమిది సార్లు తనే పక్కన కూర్చుని, అయిపోయింది పాపా, అయిపోయింది అని తల నిమిరింది. లోపలికి పోయింది ఉత్త నీళ్ళు. మగ్గం మీద గొంతు లేని మనిషికి బదులు ఇంకొక గొంతును కొని తెచ్చి, దారిలో తన చేత్తోనే దాని నోరు కట్టేసింది. ఆ చెయ్యి చల్లిన ఉప్పు కొలత కొంచెం కూడా తప్పలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. కొలత తప్పి ఉంటే ఒక్క సీసా అయినా బతికి ఉండేదేమో.

"ఆపండి" అంది యశోదమ్మ, కండక్టరుకు వినపడనంత నెమ్మదిగా. కృపామణి లేచి గట్టిగా ఆపమంది. ఊరి చివర ఇద్దరూ దిగి, రోడ్డుకు అవతల నిలబడి తిరుపతి బస్సు కోసం చూశారు. పెట్టెలోని ఐసును యశోదమ్మ రోడ్డు పక్కన గుమ్మరించింది. ఆ ఎండలో కూడా ఆ కుప్ప దగ్గర చాలాసేపు చలి కొట్టింది.

అదే షాపులో మళ్ళీ నాలుగు సీసాలు కొన్నారు. ఈసారి జెల్లు సంచీలు రెండు తీసుకుని, గుడ్డ చుట్టి, సీసాలకు తగలకుండా మధ్యలో మడత పెట్టిన పేపరు పెట్టి కృపామణే సర్దింది. పెట్టె మాత్రం యశోదమ్మే ఒళ్ళో పెట్టుకుంది. రేణిగుంట వచ్చేసరికి ఆమెకు కొత్త భయం పట్టుకుంది. ఇప్పుడు వేడెక్కిపోతే? ఇరవై రెండేళ్ళు చల్లదనాన్ని చేత్తో కొలిచిన మనిషి, ఇప్పుడు ఎంత చల్లన మంచిదో తెలియక అయోమయంలో పడింది. పది నిమిషాలకోసారి మూత అంచు ఎత్తి వేలు పెట్టి చూడబోయింది. రెండుసార్లు ఊరుకుని మూడోసారి కృపామణి ఆమె చెయ్యి పట్టుకుంది. నగరి వచ్చేదాకా వదల్లేదు.

వీధి మొదట్లో కృపామణి ఆగింది. పాపకు నేనైతే చెప్పను, చెప్పేదీ మానేదీ నీ ఇష్టం అంది.

చెప్పకుండా ఉండవచ్చు. మందు మారిందని, ఈసారి మంచి సరుకు దొరికిందని చెబితే పిల్ల నమ్ముతుంది. కొళాయి దగ్గర దాకా యశోదమ్మ ఆ మాటే మనసులో తిప్పుకుంటూ నడిచింది. అక్కడ నిన్నటి ఆడవాళ్ళే ఉన్నారు. నర్సును కడిగేసిన గొడవ ఏమైందో వినాలని బిందెలు నిండినా కదలకుండా నిలబడ్డారు. యశోదమ్మ పెట్టె దించి, తప్పు కృపామణిది కాదు, ఢిల్లీబాబుది కాదు, ఐసులో ఉప్పు చల్లి మందును చెడగొట్టింది నేను అని అందరికీ వినపడేలా చెప్పింది. ఒకామె పెట్టె ఎత్తి ఆమె చేతికి అందించింది.

ఇంట్లో రూపశ్రీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. యశోదమ్మ నిలబడే అంతా చెప్పింది. ఐసు, ఉప్పు, గడ్డ కట్టిన సీసా, ముగ్గు బొమ్మ, ఎనిమిది వారాలు. చెబుతూ పిల్ల మొహం చూడలేకపోయింది. అవతల షెడ్డులో మగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

"అంటే నా ఒళ్ళు ఎదురు తిరగలేదన్నమాట" అంది రూపశ్రీ.

"తిరగలేదు. నేనే."

పిల్ల తన చేతి మీది సూది గుర్తులను వేలితో తడిమింది. తిట్టు పాపా అంది యశోదమ్మ.

"నాయనున్నా ఉప్పే ఏసుండును మా" అంది రూపశ్రీ. అని గోడ పట్టుకుని లేవబోయి, ఆయాసంతో మళ్ళీ కూర్చుంది.

ఆ సాయంత్రమే కృపామణి మొదటి సూది వేసింది. పాత మందు చెడిపోయిందని మాత్రం డాక్టరుకు ఫోనులో చెప్పి అడిగితే, ఐదు రోజులకు ఇంకొకటి వేయమన్నాడు. పదిహేను రోజుల గడువులో ఎనిమిది రోజులు మిగిలాయి. యశోదమ్మ ఆ ఎనిమిది రోజులూ పిల్ల పక్కనుంచి కదల్లేదు. పిల్ల మంచినీళ్ళకు లేస్తే అడుగులు లెక్కపెట్టేది, ఎన్నో అడుగుకు రొప్పుతోందో చూసేది. తొమ్మిదో అడుగుకు రొప్పేది కాస్తా ఏడో అడుగుకే రొప్పింది. గోళ్ళు చూసేది. పెదవులు చూసేది. రెప్ప మాత్రం లాగడం మానేసింది. ఆ రంగు చూడాలంటే భయమేసింది.

గడువు రోజున ముగ్గురూ తిరుపతికి పోయారు. డాక్టరుకు ఉప్పు సంగతి యశోదమ్మే చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఐసులో అన్నారు గదమ్మా, ఎట్లా అని నేనడగాల్సింది" అన్నాడు. రక్తం తీసుకుని, ఈసారి రెండు రకాల పరీక్షలు రాశాడు. కాగితం రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ యశోదమ్మ బెంచీ మీద కూర్చుని తన నడుము పక్క చెయ్యి పెట్టుకునే ఉంది, ఎవరో వచ్చి తీసుకుపోతారన్నట్టు.

లోపలికి పిలిచారు. డాక్టరు మొదటి వరుస చదివాడు. ఆరు పాయింటు మూడు.

తగ్గింది. మొన్నటికంటే తగ్గింది. ఇక రక్తం సీసా తగిలిస్తారు, ఇక తనది పిల్లకు పనికిరాదు, అంతా ఉప్పు, అంతా తన చెయ్యి. కృపామణి ఆమె భుజం పట్టుకుని, ఆయన ఇంకా చదువుతున్నాడు విను అంది.

డాక్టరు రెండో వరుస మీద వేలు పెట్టాడు. మూలుగలోంచి అప్పుడే బయటికొచ్చిన పసికణాలు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క అది. పోయిన నెల వందకు ఒకటి కూడా లేదు. ఇప్పుడు నాలుగు ఉన్నాయి. పాతవి రాలుతూ ఉన్నాయి కాబట్టి మొత్తం ఇంకా తక్కువే కనిపిస్తుంది. కానీ కొత్తవి బయలుదేరాయి. ఎముకకు కబురు అందింది.

"మరి రక్తం ఎక్కించాలా సారూ?" అంది యశోదమ్మ.

ఇప్పుడు వద్దు అన్నాడాయన. పిల్లను మంచం మీదనుంచి ఎక్కువ లేపకండి, ఆయాసం ఉన్నట్టుండి పెరిగితే ఏ వేళైనా తీసుకురండి, లేకపోతే వారానికి మళ్ళీ చూద్దాం. తేదీ మాట అప్పుడే ఎత్తలేదు. యశోదమ్మ కూడా అడగలేదు.

మరుసటి రోజు తెల్లవారి యశోదమ్మ పిల్ల పక్కన కూర్చుంది. చెయ్యి కనురెప్ప దాకా పోయి ఆగింది. రూపశ్రీ కళ్ళు తెరిచి, తల్లి మొహం చూసి, తన వేలితో తనే రెప్ప కిందికి లాగి కిటికీ వైపు తిరిగింది.

"ఎట్టుండాది?"

యశోదమ్మ వంగి చూసింది. అదే వెలిసిన రవిక రంగు.

"అట్నే ఉండాది పాపా."

"ఉండనీ" అంది రూపశ్రీ, రెప్ప వదిలేసి. "లోపల కండెలు సుడతా ఉండారు."

అవతల షెడ్డులో పొద్దుటి మగ్గాలు మొదలయ్యాయి. యశోదమ్మ వాకిట్లో నీళ్ళు చల్లడానికి లేచింది. గడప దాటకముందే వెనక్కి వచ్చి, పిల్ల ఊపిరి ఒకసారి విని, మళ్ళీ పోయింది.